రాజమహల్ బయటి బెంచీ

సలాలా,
సెప్టెంబరు 12, శుక్రవారం.

చిరంజీవి వాణిని అమ్మ మనసారా దీవించి రాస్తున్న ఉత్తరం.

నేనిక్కడ ఒంట్లో బాగానే ఉన్నాను. నువ్వు హాస్టల్లో, అవ్వ ఊళ్ళో బాగున్నారని ఇక్బాలున్నీసా చెప్పింది కాబట్టి మళ్ళీ అడగను. పక్క వీధి ఇంట్లో పనిచేసే రాయచోటి ఆమె, నీకు తెలుసుగా. సెలవు నుంచి వస్తూ నీ ఉత్తరం తెచ్చి చేతిలో పెట్టింది. "నీ కూతురు హాస్టల్ గేటు కాడ నిలబడి ఇచ్చింది మే. ఫోన్ చేస్తే నువ్వు పలకడం లేదంట. చదువుకో, ఏడవబాక" అంది. చదివాను. ఏడ్చాను కూడా.

ఆ రోజు ఫోన్లో నిన్ను నానా మాటలూ అన్నాను. నేను పంపిన వియన్నా ఫొటోలు మీ నర్సింగ్ కాలేజీ పిల్లలకు చూపించి, "మా అమ్మ మస్కట్‌లో ఆఫీసులో చేస్తుంది, టూరుకి వెళ్ళింది" అని చెప్పావని తెలిసి ఒళ్ళు మండింది. మీరంతా దీపాలు పట్టుకుని ప్రమాణం చేసే ఫంక్షన్‌కి నేను వచ్చినప్పుడు నన్నూ అదే చెప్పమన్నావు. "కడుపున పుట్టినదానికే నేను నామోషీ అయ్యానా" అని ఫోన్ పెట్టేశాను. మూడు వారాలు నీ ఫోన్ ఎత్తలేదు. నువ్వేమో ఉత్తరంలో నాలుగు చోట్ల తప్పయిందని రాశావు. చదువుతుంటే సిగ్గుతో చచ్చిపోయాను. ఎందుకో తర్వాత రాస్తాను. ముందు నువ్వడిగినవాటికి జవాబులు చెప్పనీ, అది తేలిక పని.

వానలు ఎలా ఉన్నాయని అడిగావు. మన దగ్గర ఖరీఫ్ అంటే పంట, ఇక్కడ ఖరీఫ్ అంటే జల్లు. మూడు నెలలు కొండలన్నీ పచ్చబడి, పొగమంచులో కొబ్బరి తోటలు కూడా సరిగ్గా కనబడవు. ఆ చల్లదనం కోసం దుబాయ్ నుంచి, మస్కట్ నుంచి జనం కార్లు కట్టుకుని మా సలాలాకి వస్తారు. నేను పనిచేసే ఇంటివాళ్ళు మాత్రం సరిగ్గా అప్పుడే ఊరు విడిచి యూరప్ పోతారు. పొరుగింటి పుల్లకూర రుచి అన్నట్టు. ఈసారి పిల్లల పని కోసం నన్నూ తీసుకెళ్ళారు.

ఇక నీ స్నేహితురాళ్ళ ప్రశ్నలు. వియన్నా నడిబొడ్డున పెద్ద చర్చి ఉంది. దాని కప్పు మీద రంగురంగుల పెంకులు చాప అల్లినట్టు పేర్చారు. మెడ నొప్పి పుట్టేదాకా చూశాను, బయట నిలబడి చూడ్డానికి టికెట్టు అక్కరలేదు. జెయింట్ వీల్ ఒకటి ఉంది, దానికి కుర్చీలు కాదు, ఎర్రటి గదులే వేలాడుతుంటాయి. మామా అని నేను పిలిచే ఇంటావిడ, వాళ్ళాయన బాబా, పిల్లలు ఎక్కారు. నేను కింద వాళ్ళ చిన్నపిల్ల షమ్సా తోపుడు కుర్చీ, అందరి సంచులూ పట్టుకుని వాళ్ళ గది ఏదో లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాను. గుర్రపు బండ్లు కూడా ఉన్నాయి. బండివాళ్ళు గుండ్రటి నల్లటోపీలు పెట్టుకుంటారు. వీధి పాడవకుండా గుర్రం తోక కింద సంచి కడతారు. ఈ సంగతి మీవాళ్ళకు తప్పకుండా చెప్పు, ఆ ఊళ్ళో నేను బాగా దగ్గర్నుంచి చూసింది అదే.

రాజమహల్ లోపల ఎలా ఉందని అందరూ అడుగుతున్నారని రాశావు. షోన్‌బ్రున్ అంటారు దాన్ని. బయటంతా పసుపు రంగు, లోపల పధ్నాలుగు వందల పైచిలుకు గదులట. వాణీ, వాటిలో ఒక్క గది కూడా నేను చూడలేదు. నీకు పంపిన అద్దాల గది, బంగారు తీగల గది మామా కొన్న పుస్తకంలోవి. ఆమె పక్కన పెట్టినప్పుడు పేజీలకు ఫొటోలు తీశాను. జాగ్రత్తగా చూస్తే ఒకదాని మూలన నా బొటనవేలు కనిపిస్తుంది. మీవాళ్ళు గమనించలేదు కాబోలు. ఆ పుస్తకంలో ఒక మహారాణి ఉంది, ఆమెకు పదహారు మంది పిల్లలట. అంతమందిని ఎత్తుకుని తిప్పిన ఆయాలు ఎలా ఉండేవాళ్ళో చూద్దామని పుస్తకమంతా తిప్పాను. ఒక్కతె కూడా లేదు.

ఆ మహల్ దగ్గర జరిగిందే నీకు చెప్పాలి. అది ఫోన్లో చెప్పే మాట కాదు, అందుకే ఉత్తరం.

ఆ రోజు నాకు టికెట్టు తీయలేదు. "లోపల చాలా నడవాలి మల్లీ, షమ్సాని నేనే తీసుకెళ్తాను. ఈ గంటా నీదే, హాయిగా కూర్చో" అంది మామా. ప్రేమగానే అంది. టూరు కోసమని ఒంటినిండా కప్పే తన కొత్త నల్ల అబాయా ఒకటి నాకిచ్చింది, అంచున పూసల పని ఉంది. ఎండకు నల్ల కళ్ళజోడు కూడా ఇచ్చింది. తోటలో బెంచీ మీద కూర్చుని, అయిదేళ్ళలో మొదటిసారి చేతుల్లో పిల్లగానీ సంచిగానీ లేకుండా, వచ్చేపోయేవాళ్ళను చూస్తున్నాను. నా పక్కన ఒక పెద్దావిడ వచ్చి కూలబడి, మోకాళ్ళు పట్టుకుని "అవ్వో, పానం పోయింది" అంది. తెలుగు వినపడగానే నా నోరు ఆగలేదు. "నీళ్ళు తాగుతారా" అన్నాను.

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి, సర్దుకుని కూర్చుంది. "మీరు తెలుగోళ్ళా అమ్మా? సూస్తే దొరసాని లెక్కున్నరు. నా పేరు శాంతవ్వ. కొడుకు, కోడలు టూర్ల తీస్కొచ్చిండ్రు. లోపల తిరుగుడు నాతోని గాదని ఈడ కూసున్న. మీ సారు ఏం జేస్తడు?"

అయిదేళ్ళుగా నన్ను 'మీరు' అన్నవాళ్ళు లేరు వాణీ. ఆ మాట ఎంత తియ్యగా ఉందో చెప్పలేను. "మస్కట్‌లో ఆఫీసరు" అన్నాను. "సెలవులకి వచ్చాం" అన్నాను. బతికున్నన్నాళ్ళూ కోడూరు మామిడి మండీలో మోతలు మోసిన మీ నాన్నకు, పోయిన ఏడేళ్ళకు నేను ఆఫీసరు ఉద్యోగం ఇచ్చాను.

శాంతవ్వ ముఖం వెలిగిపోయింది. "మస్కటా? మా ఇంటాయన గాడనే ఇర్వై ఏండ్లు తాపీ పని జేసిండు. గా పైసలతోనే కొడుకును ఇంజనీర్ చదివిచ్చినం" అని గొప్పగా చెప్పింది. ఆ క్షణంలోనైనా నిజం చెప్పి ఉండొచ్చు. ఇంటిపని చేస్తానంటే ఆమె నన్ను మరింత దగ్గరికి తీసేదే. కానీ నోరు జారాక వెనక్కి తీసుకోవడానికి అభిమానం అడ్డొచ్చింది. ఆమె సంచిలోంచి సకినాలు తీసి పెట్టింది. తిన్నాను. ఆమెది ఏ ఊరని కూడా నేను అడగలేదు, తిరిగి నా ఊరు అడుగుతుందని భయం.

అంతలో "మల్లీ, మల్లీ" అని అరుపు. మామా, మాతో వచ్చిన ఆమె చెల్లెలు కొట్లో బొమ్మలు కొంటుంటే షమ్సా ఒక్కతే బయటికి వచ్చేసింది. నన్ను చూసి పరుగెత్తి, కంకర మీద బోర్లా పడింది. మోకాలు గీరుకుపోయి, ఏడుస్తూ వచ్చి నా ముందు నిలబడి రెండు చేతులూ చాపింది. నలభై రోజుల పసిగుడ్డుగా ఉన్నప్పటి నుంచి పెంచానే దాన్ని. నిన్ను పధ్నాలుగేళ్ళ పిల్లగా వదిలేసి వచ్చి, నీకు కలపాల్సిన ముద్దలు దానికి కలిపాను. నా తెలుగు కూడా దానికి అర్థమవుతుంది.

"ఎవల పిల్ల అమ్మా?" అంది శాంతవ్వ.

"ఏమో, నాకు తెలియదు" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. చేతులు కట్టుకుని కూర్చున్నాను. షమ్సా నా అబాయా పట్టుకుని లాగింది. శాంతవ్వ దాన్ని చూసి, నన్ను చూసి, మెల్లగా అంది: "ఎత్తుకోరాదు బిడ్డా, నిన్నే జూస్తున్నది."

ఎత్తుకోలేదు. దాని వేళ్ళు విడిపించి, లేచి వెళ్ళిపోయాను. ఫౌంటెన్ దాకా నడిచి, అక్కడ రాతిబొమ్మలు చూస్తున్నట్టు నిలబడ్డాను. అయిదు నిమిషాలకు మామా కేకలు వినపడి వెనక్కి పరుగెత్తాను.

షమ్సా శాంతవ్వ ఒళ్ళో ఉంది. ఆమె తన కొంగు తడిపి మోకాలు తుడుస్తోంది. మామా పిల్లను లాక్కుని, ఎవరు నువ్వు, నా బిడ్డను ఎందుకు పట్టుకున్నావని అరబ్బీలో అరుస్తోంది. నాలుగు దిక్కుల జనం ఆగి చూస్తున్నారు. పాపం ఆ పెద్దావిడ రెండు చేతులూ జోడించి, "దెబ్బ దాకింది తల్లీ, నేనేం జెయ్యలె" అంటోంది. మామా నా వైపు తిరిగి, "ఈమె మీ దేశపు మనిషిలా ఉంది, ఏమంటోందో అడుగు" అంది.

"ఆమె భాష నాకు రాదు మామా" అన్నాను.

శాంతవ్వ కొడుకు పరుగెత్తుకొచ్చి ఏమైందని అడిగాడు. ఆవిడ ఒక్క మాట చెబితే నా బండారం బయటపడేది. ఆమె నన్ను ఒకసారి చూసింది. కోపం కూడా లేదు ఆ చూపులో. "ఏం గాలేదు బిడ్డా. పోరి ఏడుస్తుంటె ఎత్తుకున్న. పా, పోదాం" అని కొడుకు భుజం పట్టుకుని కుంటుకుంటూ వెళ్ళిపోయింది.

ఇంత చేసి, నెల తిరక్కుండా నేను నీ మీద అరిచాను. నువ్వు చేసింది నాలుగు ఫొటోలు చూపించి చెప్పిన గొప్ప. నేను చేసింది ఏమిటో నాకు పేరు కూడా తెలియడం లేదు. నీ మాట విన్నప్పుడు నాకు వచ్చిన కోపంలో సగం నా మీదిదే. అది నీకు చెప్పే ధైర్యం లేక నిన్ను తిట్టాను. నన్ను క్షమించు తల్లీ. తల్లి బిడ్డను ఇలా అడగకూడదంటారు, అయినా అడుగుతున్నాను.

షమ్సా ఎవరికీ ఏమీ చెప్పలేదు. నాలుగేళ్ళ పిల్లకు ఏం చెప్పాలో మాత్రం ఏం తెలుస్తుంది. కానీ అప్పటి నుంచి నేను బాత్‌రూమ్‌కి వెళ్ళినా తలుపు బయట నిలబడి "మల్లీ, నేను షమ్సా" అంటుంది. రోజూ అంటుంది. నేను దాని పేరు మర్చిపోయాననుకుంటోంది. తెలుసమ్మా తెలుసు అని లోపలి నుంచే చెప్తాను. మామాకు ఇంకా చెప్పలేదు. చెబితే పంపించేస్తుందని భయం. చెప్పకపోతే ఆమె ముఖం చూడలేకపోతున్నాను. ముందు నీకు రాస్తే ఆ మాటకు నోరు తిరుగుతుందేమోనని రాశాను.

ఫంక్షన్‌కి రమ్మన్నావు. సెలవు దొరికింది, వస్తాను. మామాకు చెప్పాక ఈ ఇల్లే పోయినా వస్తాను. మీవాళ్ళకు నా గురించి ఏం చెప్పుకుంటావో నీ ఇష్టం. ఆఫీసు అంటే ఆఫీసు, టూరు అంటే టూరు. నేను కాదనను, నాకా హక్కు లేదు. ఒక్కటే అడుగుతున్నాను. అంతమందిలో నేను నిన్ను పేరుపెట్టి పిలిచినప్పుడు, నీకు సిగ్గనిపించినా సరే, ఆమె ఎవరో తెలియదని మాత్రం అనకు. ఆ మాట విన్నప్పుడు ముఖం ఎలా అయిపోతుందో నేను చూశాను. నా ముఖం అలా కావడం నువ్వు చూడకూడదు. చూస్తే, ఇక నిద్ర పట్టదు నీకు.

ఇట్లు,
సలాలాలో ఇంటిపని చేసుకునే మీ అమ్మ,
మల్లీశ్వరి.