ఎడమ చక్రం వెనక తెల్ల చుక్క

పటమట, విజయవాడ
నవంబరు 17

సౌభాగ్యవతి నాగమల్లేశ్వరికి,

కోటిలింగం ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం అని రాయబోయి ఆగాను. అందరం అంటే ఇప్పుడు నేనొక్కణ్ణే గదా. కాబట్టి నేను క్షేమం. గిలకలదిండిలో నువ్వూ, మీ అన్నయ్య తిరుపతిరావు, మీ వదిన గంగారత్నం బాగున్నారని తలుస్తాను. గాలివాన వచ్చి పడవలు మూడు రోజులు కదల్లేదట. మీ అన్నయ్యకి బేరం లేకపోతే ఎంత చిరాకో నాకు తెలుసు. ఆయన జోలికి పోకు.

నీ ఉత్తరం గురువారం అందింది. పెళ్లైన ముప్పై ఒక్క ఏళ్లలో నువ్వు నాకు రాసిన మొదటి ఉత్తరం ఇది. ఫోను మోగితే చాలు నీకు ఒళ్లు వణుకుతోందని మీ వదిన చెప్పింది. ఆ రోజు మన శివాజీ పోయాడని కైకలూరు నుంచి వచ్చిన ఫోను నువ్వే ఎత్తావు. అందుకే నేనూ ఫోను చెయ్యకుండా ఇలా కాగితం ముందేసుకుని కూర్చున్నాను. నా రాత కోడి గీతలా ఉంటుంది. అర్థం కాకపోతే మీ వదిన చేత చదివించుకో. కాదు, వద్దు. నిదానంగా అయినా సరే, నువ్వే చదువు.

అన్నం తింటున్నారా అని అడిగావు. తింటున్నాను. వండేది మనిషి తినేలా ఉంటోందా అని అడగలేదు కాబట్టి ఆ సంగతి చెప్పను. మొన్న దొండకాయ వేపుడు మూకుడుకి అంటుకుపోతే షెడ్డుకి తీసుకెళ్లి గీకాల్సి వచ్చింది. బీపీ మాత్రల డబ్బా దువ్వెన పక్కన పెట్టుకున్నాను. ఉన్న నాలుగు వెంట్రుకలకీ రోజూ దువ్వెన పెట్టడం ఎలాగూ మానను గదా, మాత్ర కూడా మర్చిపోను. మేడ మీద నీ గోంగూరకి నీళ్లు పోస్తున్నాను. బాగా ముదిరిపోయింది. కోయబుద్ధి కాలేదు.

శివాజీ బట్టలు ఎవరికైనా ఇచ్చారా అని అడిగావు. ఇవ్వలేదు. ఉతకనూ లేదు. ఆ తర్వాత నన్ను ఏమీ అడక్కు.

ఇక నువ్వు అడిగిన ఆఖరి మాట. అది జేబులో పెట్టుకుని నాలుగు రోజులు తిరిగాను. "వాడి కారులో చప్పుడు వాడు వేయించుకున్న సామానువల్లేనా? మీ చేతులతో చూసి నిజం రాయండి. అది తెలిశాకే ఆ ఇంటికి రావాలో వద్దో ఆలోచిస్తాను." ఇలా రాశావు. ఎందుకు అడిగావో నాకు తెలుసు. పెద్ద కర్మ రోజున భోజనాల దగ్గర చుట్టాలందరి ముందూ నేనన్న మాట నీకు గుచ్చుకుంది. "వాడు నా మాట ఏనాడు విన్నాడు? కారు సంగతిలోనూ అంతే, చెత్త సామాను వేసి చప్పుడు తెచ్చుకున్నాడు" అన్నాను. పోయినవాడి గురించి, విస్తళ్ల ముందు. మర్నాడు పొద్దున్నే నువ్వు మీ అన్నయ్య బండెక్కావు. నీ తప్పు లేదు. నేనైనా ఎక్కేవాణ్ణే.

నీకు తెలిసిన సంగతులే అయినా మొదటి నుంచీ చెప్పనివ్వు. వరసగా చెబితే గానీ నాకు అసలు మాట బయటికి రాదు.

వాడికి చేపల చెరువుల మేత అమ్మే ఉద్యోగం కదా. చెరువు గట్ల మీద కారు అడుగు నేలకి రాసుకుంటోందని, పొడుగు స్ప్రింగులు, గట్టి షాక్ అబ్జార్బర్లు ఆన్‌లైన్‌లో తెప్పించాడు. కంపెనీ వేసిన సామాను తీసేసి ఎవడో వేరేవాడు చేసింది వేస్తే బండి బండిలా ఉండదని నేనన్నాను. ముప్పై ఏళ్లుగా మెకానిక్ పనే చేస్తున్నవాణ్ణి, నా మాట చెల్లాలని నాకుంటుంది గదా. "అన్ని బళ్లూ బెంజ్ సర్కిల్లోనే తిరగవు నాన్నా, నా దారి వేరు" అన్నాడు వాడు. ఓ ఆదివారం మన షెడ్డులోనే తనే కూర్చుని బిగించుకున్నాడు. మధ్యాహ్నం నువ్వు క్యారేజీ తెచ్చి, "ఒక చెయ్యి వెయ్యొచ్చుగా, పిల్లాడు చెమటలు కక్కుతున్నాడు" అన్నావు. కాసేపు వేశాను కూడా.

మూడో రోజుకే చప్పుడు మొదలైంది. షెడ్డు గుమ్మంలో నిలబడి, "నాన్నా, ఎడమవైపు ముందు ఏదో కొడుతోంది. ఒక్కసారి చూడవా?" అన్నాడు. నాకు లోపల ఎంత సంతోషం వేసిందో చెబితే నువ్వు నన్ను అసహ్యించుకుంటావు. గెలిచాననుకున్నాను. "ఆ సామాను పీకి పారేసి రా, అప్పుడు చూస్తా" అన్నాను. ఇంకో నాలుగు సార్లు అడిగాడు. నాలుగు సార్లూ అదే చెప్పాను. ఆ తర్వాత అడగడం మానేశాడు. నేను షెడ్డుకి వెళ్లాక ఇంటికి వచ్చి, నేను వచ్చేలోపు వెళ్లిపోయేవాడు. ఎనిమిది నెలలు. ఆ ఎనిమిది నెలల్లో మా ఇద్దరి మధ్య అన్ని మాటలూ నువ్వే మోశావు. వాడి పక్షం మాట్లాడినందుకే మేం విడిపోయామని నీ ఉత్తరంలో నిన్ను నువ్వు తిట్టుకున్నావు. నీవల్ల కాదు. ముందు ఆ మాట మనసులోంచి తీసెయ్.

చెరువు దగ్గర మోటారు కరెంటు వాణ్ణి పట్టేసిన రోజు, కారు గట్టు మీదే ఉండిపోయింది. నాలుగో రోజు వెళ్లి తెచ్చింది నేనే. ఆ కారు స్టీరింగ్ నేను పట్టుకోవడం అదే మొదటిసారి. గుడివాడ దాకా ప్రతి గుంటకీ టకటకా కొట్టింది. షెడ్డులో ఓ మూల పెట్టి పట్టా కప్పేశాను. నీ ఉత్తరం వచ్చేదాకా, ఈ మూడు నెలలూ ఆ పట్టా ఎత్తలేదు.

నిన్న పొద్దున ఎత్తాను. పక్క షెడ్డు లాజరుని తోడు పిలిచాను. కారు ముందు భాగం మీద ఊగమన్నాను, నేను కిందికి దూరి ఒక్కొక్క చోటా చెయ్యి పెట్టి చూశాను. చప్పుడు ఇనుములో పాకుతుంది మల్లేశ్వరీ. పుట్టేది ఒకచోట, వినపడేది ఇంకోచోట. చెవిని నమ్మకూడదు, చేతికి అదురు తెలియాలి. స్ప్రింగు మీద చెయ్యి పెట్టాను, గట్టిగా ఉంది. షాక్ అబ్జార్బర్ పై కప్పు దగ్గర పెట్టాను, అక్కడా అదురు లేదు. రబ్బర్లు కొత్తవి. చక్రం పట్టుకుని ఊపాను, ఎక్కడా వదులు లేదు. వాడు వేసిన ప్రతి వస్తువూ పొందిగ్గా కూర్చుంది. పొడుగు స్ప్రింగు ఒక్కొక్కటీ ఎంత సరిగ్గా నిలబెట్టాడో చూస్తే, నా దగ్గర పని నేర్చుకున్న ఎవడూ అంత శుభ్రంగా చెయ్యలేదనిపించింది. ఆ మాట వాడికి చెప్పి ఉండాల్సింది.

మన షెడ్డు పద్ధతి నీకు తెలుసు. నట్టు బిగించాక దాని మీద రంగు చుక్క పెట్టాలి. నాది తెలుపు, వాడిది పసుపు. చుక్క ఉందంటే ఆ నట్టు సంగతి అయిపోయినట్టే, మళ్లీ ముట్టుకోనక్కర్లేదు. వాడు పదో తరగతి సెలవుల్లో షెడ్డుకి వచ్చిన మొదటి రోజే చెప్పాను, ముందు బిగింపు, తర్వాత చుక్క, అటూ ఇటూ అయితే చెయ్యి విరగ్గొడతానని. కారు కింద లైటు వేసి చూస్తే అన్నీ పసుపు చుక్కలే. ఒక్కటే తెల్లది. ఎడమ చక్రం వెనక, షాక్ అబ్జార్బర్‌ని అడ్డ కడ్డీకి కలిపే జానెడు లింకు రాడ్డు ఉంటుంది. దాని కింది నట్టు మీద.

లాజరు పైన ఊగుతున్నాడు. నేను ఆ రాడ్డు మీద చెయ్యి పెట్టాను. టక్ మని నా అరచేతిలో కొట్టింది.

నట్టుని వేళ్లతో తిప్పాను. స్పానరు కూడా పెట్టలేదు. వేళ్లతోనే రెండు చుట్లు తిరిగింది.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ ఆదివారం నువ్వు చెప్పావని చెయ్యి వేశానే, ఆ నట్టు దగ్గరే వేశాను. కారు స్టాండ్ల మీద ఉంది, చక్రాలు వేలాడుతున్నాయి. బరువు టైర్ల మీద పడ్డాకే దాన్ని గట్టిగా బిగించాలి. అందుకని చేత్తో ఊరికే తిప్పి వదిలాను. కుంచె చేతిలో ఉందని చుక్క పెట్టేశాను, కారు దించాక బిగించొచ్చులే అనుకుని. శివాజీ కారు దించాడు. వాడు నా వంక చూసి, "ఎలా ఉంది నాన్నా?" అన్నాడు. ముఖం వెలిగిపోతోంది. "ఒంటెలా ఉంది. వారంలో డబడబలాడుతుంది, అప్పుడు తెలుస్తుంది నీకు" అన్నాను. అనేసి చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయాను.

అదీ సంగతి. నువ్వు నిజం అడిగావు. చప్పుడు వాడి సామానుది కాదు. నాది. దానివల్ల కారుకి ప్రమాదమేమీ లేదు, లాక్ నట్టు కాబట్టి ఊడిపోలేదు కూడా. ఊరికే కొడుతూ ఉంది. నేను వదిలేసిన నట్టు కొడుతుంటే, అది వాడి తప్పని ఆటోనగర్ టీ బడ్డీల దగ్గరా చెప్పాను, ఇంట్లో చెప్పాను, చివరికి వాడి కర్మ భోజనాల దగ్గరా చెప్పాను.

ఇంకొకటి ఉంది. ఇది రాయకుండా ఉత్తరం మడిచేద్దామనుకున్నాను గానీ, సగం నిజం రాస్తే అబద్ధం రాసినట్టే.

నేను కారు కిందనే పడుకుని ఉండిపోయేసరికి లాజరు కంగారుపడి వంగి చూశాడు. నా చెయ్యి ఎక్కడుందో చూసి నేల మీదే కూర్చున్నాడు. ఆ ఎనిమిది నెలల్లో శివాజీ తన దగ్గరికి మూడు సార్లు వచ్చాడట. పై కప్పు మార్చారు, రబ్బర్లు మార్చారు, బ్రేకు ప్యాడ్లు తీసి చూశారు.

"మరి ఇది ఎందుకు చూళ్లేదురా?" అన్నాను.

"చూద్దామనే స్పానరు పట్టుకున్నానండీ" అన్నాడు లాజరు. "శివాజీయే నా చెయ్యి పట్టుకున్నాడు. 'అది మా నాన్న చుక్క, లాజరూ. అక్కడ ఉండదు. తప్పు నేను చేసిన చోటే ఉంటుంది, అక్కడ వెతుకు' అన్నాడండీ."

లాజరు కళ్లు తుడుచుకుంటూ బయటికి వెళ్లిపోయాడు. నేను ఏడ్చాను మల్లేశ్వరీ. శ్మశానంలో ఏడవలేదని మీ వదిన నన్ను రాయి అంది. నిన్న కారు కింద గ్రీజులో పడుకుని గొంతు పోయేదాకా ఏడ్చాను. మాట్లాడటం మానేశాడు గానీ, నా చేతి పనిని మాత్రం వాడు ఒక్కసారి కూడా అనుమానించలేదు. నేనేమో వాడు చేసిన పనిని ఒక్కసారి వంగి చూడలేదు.

నట్టు బిగించాను. దాని మీద చుక్క పెట్టలేదు. ఇక ఏ బండి మీదా పెట్టను, నాకు ఆ అర్హత లేదు. సాయంత్రం ఆటోనగర్ గేటు దగ్గర టీ బడ్డీలో అందరూ ఉండగా ఈ మాటే చెప్పాను, వాడి తప్పు కాదు నాదేనని. ఒకాయన టీ గ్లాసు తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఎవరైనా నాలుగు తిడితే బాగుండనిపించింది. ఆ తిట్టేదేదో నువ్వే తిట్టు. రాసి తిట్టినా సరే, వచ్చి తిట్టినా సరే. రాకపోయినా నేనేమీ అనను. నువ్వు లేకపోతే ఈ ఇంట్లో నావల్ల కావడం లేదు. ఇలాంటి మాట నీకు ఎప్పుడూ చెప్పలేదు, ఎలా చెప్పాలో తెలియక ఇలా రాశాను.

కారు తీసుకుని పటమట అంతా తిరిగాను, గుణదల దాకా వెళ్లొచ్చాను. పాత రైలు గేటు దగ్గరి గుంటల్లో కావాలనే దింపాను. ఎక్కడా చిన్న చప్పుడు లేదు. పట్టా తీసి, కిందికి దూరి, వెతికి, బిగించి పైకి లేచేసరికి ఎంతసేపు పట్టిందో తెలుసా? గోడ గడియారం చూశాను. పాతిక నిమిషాలు. అందులో ఏడ్చింది తీసేస్తే పది. "ఒక్కసారి చూడవా నాన్నా" అని వాడు నన్ను అయిదు సార్లు అడిగింది ఈ పది నిమిషాలే.

ఇట్లు,
శివాజీ వాళ్ల నాన్న