పిల్లలతో పొట్టి వరసలో

పెద్దమ్మాయికి నాన్న దీవెనలు.

తల్లీ, చెల్లి ఆపరేషన్ బాగా జరిగింది. ఇందాకే కళ్ళు తెరిచి నీళ్ళడిగింది. ఈ మాట ముందు చెప్పేస్తే మిగతాది స్థిమితంగా చదువుతావని రాశాను.

పోరుపెట్టి నా చేత విమానాశ్రయంలో త్వరగా తనిఖీ చేసే కార్డు తీయించావు చూడు, అదే మమ్మల్ని గట్టెక్కించింది. ఆపరేషన్‌కి లోపలికి తీసుకెళ్ళేలోపు తన పిల్లల్ని చూడాలని చెల్లి ఒకటే బెంగ. అల్లుడు ఆ ఊళ్ళో ఆస్పత్రి వదల్లేడు కనుక ఇద్దర్నీ నేనే వెంటబెట్టుకుని విమానానికి బయల్దేరాను. దారిలో ఆలస్యమైంది. తీరా చూస్తే మామూలు వరస కొండచిలువలా మెలికలు తిరిగి ఉంది. కార్డు నాకొక్కడికే కదా, పిల్లల్ని రానివ్వరేమోనని దాని తోక దగ్గరే నిలబడ్డాను. నా చేతిలో కార్డు చూసిన ఉద్యోగిని, "చిన్నపిల్లలు మీతోపాటే రావచ్చు తాతగారూ, ఇటు రండి" అని పిలిచింది.

అక్కడ అలవాటుకొద్దీ ముగ్గురం బూట్లు విప్పేశాం. నేను బెల్టు కూడా తీసేశాను. "ఈ వరసలో ఏమీ విప్పక్కర్లేదండీ" అని ఆవిడ నవ్వు. "తాతయ్యా, ప్యాంటు పట్టుకో!" అని చిన్నదాని అరుపు. ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని, రెండో చేత్తోనే ఆ తల్లికి దణ్ణం పెట్టాను.

మేం ఆస్పత్రికి చేరేసరికి చెల్లిని బండి మీద పడుకోబెట్టేశారు. పిల్లలిద్దర్నీ గుండెకి హత్తుకుని, "ఇక తీసుకెళ్ళండి సిస్టర్, నాకేం భయం లేదు" అంది. అంతవరకూ వణికిపోయిన పిల్లేనమ్మా! ఆ మాట నీ చెవిన వెయ్యాలనే ఈ ఉత్తరం.

నువ్వు చల్లగా ఉండాలి.

మీ నాన్న