నాన్న కుట్టిన గళ్ల చొక్కా

తమ్ముడూ,

ఈ ఉత్తరం ఎక్కడికి పంపాలో తెలియదు. అయినా రాస్తున్నాను.

ఉప్పెన తర్వాత తీసిన పాత ఫిల్ములు ఎవరో ఇంటర్నెట్‌లో పెట్టారు. చరిత్ర చదువుకునేవాళ్ల కోసమట. మొన్న కోడూరులో మా అమ్మాయి ఫోన్ నా చేతికిచ్చి, "అమ్మా, ఈ పిల్లాడి చెవి చూడు. నువ్వు చెప్పే చిన్న మావయ్యని కూడా ఇక్కడేగా కుక్క కరిచిందీ?" అంది.

గుడివాడ శిబిరంలో అన్నం కోసం నిలబడ్డ వరస అది. సగం ఊడిన ఎడమ చెవి, గళ్ల చొక్కా, ఆరేళ్లవాడు. నువ్వే. ఉప్పెన వచ్చిన పదో రోజు తీసిందని కింద రాశారు.

నిన్ను మేం నాలుగో రోజే పూడ్చేశాం. ఆ శవానికి మొహం మిగల్లేదు. నాన్న టైలరు కదా, కాలరు తిరగేసి చూసి, "ఇది నా కుట్టేనే. మనవాడే" అన్నాడు. ఆ దసరాకి అదే గళ్ల గుడ్డ తానులోంచి వీధిలో మగపిల్లలందరికీ తనే చొక్కాలు కుట్టిన సంగతి అప్పుడు ఎవరికీ తట్టలేదు. గుడివాడ కూడా వెళ్లి చూద్దామని అమ్మ ఏడిస్తే, "ఇంకెవర్ని వెతుకుతావమ్మా?" అని కసిరింది ఈ అక్కే.

అమ్మా నాన్నా ఇప్పుడు లేరు. ఆ మట్టిలో ఉన్నది ఎవరి బిడ్డో కూడా తెలియదు.

ఇన్నేళ్లు ఏ డబ్బాలో పడి ఉందో, ఆ ఫిల్మును అక్కడే ఉండనివ్వాల్సింది. ఉన్నది పదకొండు సెకన్లు. చేతిలో విస్తరాకు పట్టుకుని నిలబడ్డావు. పక్కనుంచి ఏ ఆడమనిషి వెళ్లినా తలెత్తి మొహం చూస్తున్నావు. ముగ్గురిని చూశావు. నాలుగో ఆమె దగ్గరికి వచ్చేసరికి ఫిల్ము అయిపోయింది.