ఏడో గదిలో ముసలావిడ

బుధవారం

ప్రియమైన అత్తయ్యకు,

మీ మనవరాలు పిచుక బాగుంది. పై పళ్ళు రెండూ ఊడాయి. ఆ సందులోంచి ఈల వెయ్యడం నేర్చుకుని నా ప్రాణం తోడేస్తోంది. నాకు మ్యూజియంలో కాపలా పని ఖాయమైంది. ఏడో గదిలో కుర్చీ వేశారు. బొమ్మల్ని ఎవరూ ముట్టుకోకుండా చూడాలి, అంతే.

ఆ గదిలో గోడంత బొమ్మ ఒకటుంది. నేల మీద తల పగిలిన మగవాడు. పక్కన ఇనుప కడ్డీ పట్టుకుని ఒక పడుచు పిల్ల. వెనక చీకట్లో ఒక ముసలావిడ. గైడు మేడమ్ రోజుకి నాలుగుసార్లు జనాన్ని తీసుకొచ్చి ఇదే పాఠం చెబుతుంది. "ఎడమ కిటికీలోంచి వచ్చే వెలుగు ఎవరి ముఖం మీద పడుతోందో చూడండి. కడ్డీ నుంచి వాడి తల దాకా ఏటవాలుగా గీత గీసినట్టు లేదూ? చిత్రకారుడు ఎరుపు మూడే మూడు చోట్ల వాడాడు. కడ్డీ కొస, వాడి జుట్టు, ఆ పిల్ల పెదవి. ఇప్పుడు చెప్పండి, చంపిందెవరు?" అందరూ పడుచు పిల్లనే చూపిస్తారు.

అత్తయ్యా, అది వింటుంటే ఆ రోజే కళ్ళముందు తిరుగుతోంది. మీ అబ్బాయి నా జుట్టు పట్టుకుని తల గోడకేసి బాదడం, నా దవడ విరిగిన చప్పుడు, బల్ల మీది ఇస్త్రీ పెట్టె చేతికి తగలడం. ఎత్తి ఊపాను. ఆ తర్వాత తెలివి లేదు. కళ్ళు తెరిచేసరికి వాడు చచ్చి ఉన్నాడు, పెట్టె మీ ఒళ్ళో ఉంది. నా దెబ్బ గోడకి తగిలిందని మీరు చెప్పారు. నాలుగేళ్ళుగా నమ్ముతూ వచ్చాను. నిజంగా గోడకే తగిలిందా?

మీ కోడలు


ఆదివారం

అమ్మాయికి,

గోడకే తగిలింది. ఇంకోసారి అడిగావంటే మర్యాదగా ఉండదు. ఇక్కడ నీ ఉత్తరం నాకన్నా ముందు ఆఫీసరమ్మ చదువుతుంది. అది గుర్తుపెట్టుకుని రాయి. చలికి దవడ ఇంకా లాగుతోందా?

జైల్లో కూడా నాకు ఇస్త్రీ బల్లే రాసిపెట్టి ఉంది. నిన్న ఇద్దరు జుట్లు పట్టుకున్నారు. ఒకత్తి కాలుతున్న పెట్టె తీసి ఇంకొకత్తి చెంపకి ఆనించింది. ఆ కమురు వాసన ఇంకా పోలేదు. నేను మాత్రం నా చేతిలో చొక్కా మాడకుండా చూసుకున్నాను.

మీ గైడు వెలుగుని చూసి హంతకుల్ని పట్టేస్తుందన్నమాట! వెలుగుదేముంది, వేసేవాడు ఎటు కావాలంటే అటు పూస్తాడు. ముప్పై ఏళ్ళు ఇస్త్రీ కొట్టు నడిపాను. బట్ట చూసి మనిషి ఏం చేసొచ్చాడో చెప్పగలను. బొమ్మలో ఆ పడుచు పిల్లవీ ముసలిదానివీ బట్టల ముడతలు ఎలా ఉన్నాయో చూసి రాయి. కుర్చీలో కూర్చుని గోళ్ళు కొరుక్కునే బదులు ఆ పని చెయ్యి.

మీ అత్తయ్య


గురువారం

ప్రియమైన అత్తయ్యకు,

చూశాను. పడుచు పిల్ల చొక్కా చేతులు మణికట్టు దాకా ఉన్నాయి, బొత్తాలు పెట్టే ఉన్నాయి. భుజం దగ్గర కుట్టు తెగింది, ఎవరో పట్టి లాగినట్టు. ముసలావిడ కోసం టార్చిలైటు వెయ్యాల్సొచ్చింది. ఆవిడ చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచి ఉన్నాయి. రెండువైపులా సమానంగా, రెండేసి మడతలు. పావడా మోకాళ్ళ దగ్గర నలిగి తడిసింది.

కానీ ఆ ముడతలతో నాకేం పని అత్తయ్యా? నిన్న ఎవరో రాతి నేల మీద బరువైన సంచి పడేశారు. ఆ చప్పుడుకి అంతా గుర్తొచ్చింది. నా చేతిలో పెట్టె ఎముకని తాకింది. గోడ చప్పుడు అలా ఉండదు. వాడి చెవి దగ్గర్నుంచి రక్తం నా మెడ మీద పడింది, వెచ్చగా.

చంపింది నేను. శిక్ష మీకు. సోమవారం వెళ్ళి జడ్జి ముందు ఉన్నదున్నట్టు చెప్పేస్తాను. ఇది ఎవరు చదివినా చదవనీ. మీరు ఇంటికొచ్చెయ్యండి. పిచుకకి నేను జడ వేస్తే గంటసేపైనా నిలవదు.

మీ కోడలు


శనివారం

అమ్మాయికి,

నీ ఉత్తరం ఇస్తూ ఆఫీసరమ్మ నవ్వింది. "నిన్ను విడిపించడానికి నీ కోడలు కథలల్లుతోంది" అంది. ఈ ఉత్తరం ఆవిడ కంట పడదు. ఈ పూట విడుదలవుతున్న నా పక్క బల్ల మనిషి నీ చేతికే ఇస్తుంది. చదివి కాల్చెయ్యి.

గోడకి తగిలిందని అబద్ధం చెప్పాను. నీ దెబ్బ వాడికే తగిలింది. చెవి చీరుకుపోయి పడ్డాడు, అంతే. చావలేదు. నువ్వు స్పృహ తప్పాక మోకాళ్ళ మీద లేచి, "అమ్మా, మంచినీళ్ళు" అన్నాడు. గ్లాసు నేనే పట్టుకుని తాగించాను. మూతి తుడుచుకుని, "ముందు దీని పని పూర్తి చేస్తాను. తర్వాత మంచం కింద నక్కినదాని పని" అన్నాడు. మంచం కింద పిచుక.

గ్లాసు బల్ల మీద పెట్టాను. పిచుకని కళ్ళు మూసుకోమన్నాను. చీర మీద తొడుక్కునే పని చొక్కా చేతులు మడుచుకున్నాను, రెండేసి మడతలు. కోపంలో కొట్టేవాళ్ళు చేతులు మడుచుకుంటూ కూర్చోరే, పిచ్చిదానా. మూడుసార్లు కొట్టాను. రెండో దెబ్బకి "అమ్మా" అన్నాడు. అది విన్నాకే మూడోది కొట్టాను.

నిన్ను చంపుతుంటే అడ్డుపడి కొట్టానని చెప్పాను కాబట్టి ఏడేళ్ళతో సరిపెట్టారు. నువ్వెళ్ళి తప్పు నీదంటే నేను నీళ్ళ సంగతి బయటపెట్టక తప్పదు. అప్పుడిక నేను బయటికి రాను. ఇంకా మూడేళ్ళేగా! వాణ్ణి కన్నది నేను, చంపింది నేను. రెండూ నావే. నువ్వు లాక్కోకు.

ఆ ముసలావిడ దగ్గర గ్లాసేమైనా ఉందేమో చూడు.

మీ అత్తయ్య


సోమవారం సాయంత్రం

ప్రియమైన అత్తయ్యకు,

ఇవాళ పనికే వెళ్ళాను. ముందుగా ఆఫీసరమ్మకి నమస్కారాలు. మొన్న రాసిందంతా మీ మీద బెంగతో అల్లిందే, క్షమించమని చెప్పండి.

గైడు మేడమ్ మామూలుగానే "చంపిందెవరు?" అంది. నేను మొదటిసారి నోరు తెరిచి, "ఆ ముసలావిడ చొక్కా చేతులు చూడండి" అన్నాను. మేడమ్ వంగి చాలాసేపు చూసింది. "ఇన్నేళ్ళుగా చెబుతున్నాను, ఈ మడతలు నా కంటపడనే లేదు" అంది.

జనం వెళ్ళాక టార్చిలైటుతో గ్లాసు కోసం వెతికాను. బల్ల మీద లేదు, నేల మీద లేదు, ఆవిడ ఒళ్ళో లేదు. ఆ బొమ్మలో వాడికి ఎవరూ నీళ్ళివ్వలేదు అత్తయ్యా. దాహంతోనే పోయాడు.

అక్కడే నిలబడి ఏడ్చాను. తిరిగొచ్చిన మేడమ్, నేను బొమ్మ చూసి ఏడుస్తున్నాననుకుంది.

పిచుక జడ ఇవాళ మధ్యాహ్నం దాకా నిలిచింది. మూడేళ్ళలో బాగా నేర్చుకుంటాను.

మీ కోడలు