గంపల కింద కోళ్లు

ఫిబ్రవరి 6
పక్కింటి మరియమ్మక్క పుంజు చచ్చిపోయింది. నిన్నంతా మెడ వంకర తిప్పుకుని ఒకచోటే గిరగిరా తిరిగింది. పొద్దునకు కట్టెలా పడి ఉంది. అక్క దాన్ని తీసి వీధి కాలువలో పారేసింది. మా కోళ్లు మేసేదీ ఆ కాలువ పక్కనే...

సాయంత్రం
పశువుల ఆసుపత్రిలో అడిగాను. కొక్కెర తెగులు కావచ్చన్నాడు డాక్టరు. "కోళ్లను బయటికి వదలొద్దు. చచ్చినదాన్ని సున్నం వేసి లోతుగా పూడ్చండి. మన చేతులతో, చెప్పులతో కూడా పాకుతుంది." టీకా ముందే వేయించాలట. ఇప్పటికే అంటుకుని ఉంటే చెప్పలేమట.
మా రెండు పెట్టల్నీ, తెల్లదాన్నీ నల్లదాన్నీ, వేర్వేరు గంపల కింద మూశాను.

ఫిబ్రవరి 7
"రెండు కోళ్లకు ఇంత రభసేంది?" అని నవ్వాడు మా ఆయన. అయినా పుంజును పారతో తీసి, ఊరవతల గుంత తవ్వి పూడ్చి వచ్చాడు. బ్లీచింగు నీళ్లతో కాళ్లు కడిగించాను. నవ్వడం మానేశాడు.

ఫిబ్రవరి 8
చేతులు కడిగి కడిగి చర్మం పగిలింది. ఎవరి వాకిట్లో కోడి గురక పెట్టినా నాకే వినబడుతోంది.

ఫిబ్రవరి 9
మరియమ్మక్క రేపు ఎమ్మిగనూరు పోతోంది. కూతురికి అక్కడ కాన్పయింది.
"బాలింతకు నాటుకోడి పులుసు పెట్టాల గదా. రెండు పెట్టల్నీ బుట్టలో ఏసుకోని పోతాండా."
చచ్చిన పుంజుతో ఒకే గూట్లో పడుకున్న పెట్టలు.
"వద్దక్కా. ఆడ నీ కూతురి వీధి గూడా మన వీధి మాదిరే ఇరుకు. ఒగింట్లోకి పోతే అన్ని ఇండ్లకూ పోతాది."
"నా కోళ్లు బాగనే ఉండాయి. నువ్వే వంకలు పెడతాండావు."
తలుపు వేసుకుంది. నా ముఖం మీద తలుపు వేయడం ఇదే మొదలు.

ఫిబ్రవరి 10
పొద్దున్నే ఆదోని బస్టాండుకు పోయాను. బుట్ట మీద గుడ్డ కప్పి కూర్చుని ఉంది. పక్కన కూర్చున్నాను.
"పురిటింటికి నీ చేత్తో తెగులు తీస్కపోతావా అక్కా?"
బుట్ట మీది గుడ్డ సరిచేసుకుంది. బస్సు వచ్చింది. లేచి, బుట్ట నా ఒళ్లో పెట్టి ఎక్కేసింది. కిటికీలోంచి కూడా చూడలేదు.

ఫిబ్రవరి 11
ముందు మావాటికి మేత. ఆ తర్వాతే, నిన్న అక్క పెట్టల్ని తెచ్చి మూసిన ఆమె గూటి దగ్గరికి. వచ్చి స్నానం. ఆమె పెట్టలు జొన్నల మీద ఎగబడుతున్నాయి.

ఫిబ్రవరి 12
నల్లది మేత ముట్టలేదు. పచ్చగా రెట్ట పారుకుంది. మెడ... చూసేకొద్దీ వంగుతున్నట్టే ఉంది.

ఫిబ్రవరి 13
నల్లది పోయింది. పూడ్చాము.
వీధికంతా చెప్పాలి. ఎవరింట్లోకీ పోకుండా మా గడప మీది నుంచే ఎదురింటామెను పిలిచి చెప్పాను. "కోళ్లను వదలొద్దమ్మా. మా దానికి తెగులు తగిలింది."
"మరియమ్మ కోళ్ల నుంచే గదా?"
మరియమ్మక్క పెట్టలు బాగానే తింటున్నాయి. తెలియదన్నాను. నిజంగానే తెలియదు.

మధ్యాహ్నం మరియమ్మక్క ఫోను.
"నా కోళ్లెట్లుండాయి?"
"బాగుండాయక్కా."
వెనక బిడ్డ ఏడుపు.
"నీవి?"