ఈ పేరు మనిషి ఇక్కడ లేడు

గ్రిమ్స్‌బీ
ఆగస్టు 6

నా బంగారు తల్లి హేజెల్‌కి,

పిల్లలతో నువ్వు వెళ్ళిన ఓర్క్నీ దీవుల్లో, మీ అత్తగారింట్లో ఫోను అందదు, అందినా నా చెవులకి వినపడదు. అందుకే ఈ ఉత్తరం. తప్పులుంటే నువ్వే దిద్దుకో.

పిల్లికి తిండి పెట్టడానికి రోజూ పొద్దున్నే నీ ఇంటికి వెళ్తున్నాను కదా. పోయిన వారం తలుపు దగ్గర గోధుమరంగు కవరొకటి పడి ఉంది. చిరునామా నీదే, పేరు మాత్రం డంకన్ ప్రాట్. అలాంటివాడు ఇక్కడెవడున్నాడు? 'ఈ పేరు మనిషి ఇక్కడ లేడు' అని పెద్దక్షరాలతో రాసి పోస్టుడబ్బాలో పడేశాను. మూడు రోజులకి ఇంకొకటి. మళ్ళీ అదే రాసి, ఈసారి కింద గీత కూడా గీశాను.

నిన్న మూడోది వచ్చింది. దాన్ని పట్టుకుని వంటింట్లో నిలబడ్డానా, తలుపు తాళం తిరిగింది! భుజాన ఇంత సంచితో నీ వేడినీళ్ళ బాయిలర్ బాగుచేసే మనిషి లోపలికొచ్చాడు.

"ఎవరు పిలిచారయ్యా నిన్ను? బాయిలర్ బాగానే ఉంది!" అని అరిచాను.

పాపం, అతను టోపీ తీసేశాడు. "బాగానే ఉందండీ ఎర్నెస్ట్ గారూ. అదెప్పుడూ పాడవలేదు."

అతనే డంకన్ ప్రాట్ అట. సముద్రంలో గాలిమరలు చూసుకునే ఇంజనీరట, రెండు వారాలు అక్కడ, రెండు వారాలు నీ ఇంట్లో! కవరు పన్నుల ఆఫీసుదట, చింపి నాచేతే చదివించాడు. కాపురముంటున్న జంటలో ఒకరి జీతం హద్దు దాటితే, ప్రభుత్వం పిల్లలకిచ్చే భృతిలో కొంతో, మొత్తమో వాళ్ళు పన్నుగా వెనక్కి కట్టాలట. పిల్లలు కన్నబిడ్డలు కాకపోయినా సరేనట! నీ బాయిలర్ ఏడాదిగా నెలనెలా ఎందుకు పాడవుతోందో అప్పటికి నా మట్టిబుర్రకి ఎక్కింది. రాబీ పోయాక నా కూతురికి మళ్ళీ తోడు దొరికిందని నాకు పన్నుల ఆఫీసు చెప్పాలా తల్లీ?

ఎంత సంతోషమేసిందో చెప్పలేను. పిల్లికి రెండుసార్లు తిండి పెట్టేశాను.

నీ నాన్న,
ఎర్నెస్ట్

గ్రిమ్స్‌బీ
ఆగస్టు 14

నా చిట్టితల్లీ,

నీ జవాబు చదివి మొదటిసారికంటే ఎక్కువ అదిరిపడ్డాను. 'ఈ పన్ను సంగతి నాకు తెలీదు నాన్నా. రాబీ పిల్లల డబ్బుకి వేరే మనిషి పన్ను కట్టడమా? ఆ సిగ్గు నేను పడలేను. రాగానే అతన్ని వెళ్ళిపొమ్మంటాను. నీ మనసు కష్టపడుతుందనే ఇన్నాళ్ళూ చెప్పలేదు' అన్నావు.

నీ ఉత్తరం పట్టుకుని అతని దగ్గరికి వెళ్ళాను. కంచె దగ్గర నా మనవరాలు ఐరిస్ సైకిలుకి గొలుసు వేస్తున్నాడు. "ఆ ఆఫీసువాళ్ళు నిన్నెలా పట్టుకున్నారు బాబూ?" అని అడిగాను.

"పట్టుకోలేదండీ. నేనే రాసిచ్చాను."

"నీకేమైనా పిచ్చా? జేబుకి చిల్లని తెలిసీనా?"

చేతులకంటిన నూనె ప్యాంటుకి తుడుచుకున్నాడు. ఆ తర్వాత అన్నాడు: "ఆ కాగితంలో ఒక ప్రశ్న ఉందండీ, వాళ్ళతో కలిసి ఉంటున్నావా అని. ఎవరికీ చెప్పొద్దని హేజెల్ నాచేత ఒట్టు వేయించుకుంది. ఊళ్ళో నేను బాయిలర్‌వాణ్ణి. అక్కడొక్కచోటే అవునని రాసుకునే వీలు దొరికింది. ఆ పన్ను కట్టిన రోజు నా అంత గొప్పవాడు లేడనిపించింది."

హేజెల్, నేను అరవై ఏళ్ళుగా పన్నులు కడుతూ తిట్టుకున్నవాణ్ణే గానీ, మురిసిపోయినవాణ్ణి చూడలేదు. ఆ కంచె పట్టుకునే ఏడ్చేశాను. అతను నూనె చేతుల్తోనే నా భుజం పట్టుకున్నాడు. చొక్కా పాడైంది, ఉతకను.

రాబీ నాతో పదకొండేళ్ళు చేపల మార్కెట్టులో పెట్టెలు మోశాడు. అల్లుడైనా వాడు నాకు కొడుకే. కొడుకు పోయాడని కూతురు నవ్వకూడదంటానా? వెళ్ళిపొమ్మనకు తల్లీ. అంటే మాత్రం అతను మా ఇంటికొచ్చేస్తాడు, నా బాయిలర్ నిజంగానే పాడైంది.

ఈ పొద్దున ఇంకో గోధుమరంగు కవరు వచ్చింది. వెనక్కి పంపలేదు. రాబీ ఫోటో పక్కన నిలబెట్టాను. ఎవరికీ పంపక్కర్లేకపోయినా, దానిమీద పెద్దక్షరాలతో రాశాను: 'ఇక్కడే ఉంటాడు.' కింద రెండు గీతలు గీశాను.

పిల్లలకి ముద్దులు.

నీ నాన్న,
ఎర్నెస్ట్