మధ్యలో కోసిన అర మార్కులు

పరీక్షల నియంత్రణాధికారి గారి సముఖమునకు,
కోటగిరి నివాసి, బి.ఎస్సీ. ఆరవ సెమిస్టరు గణిత విద్యార్థిని త్రివేణి వ్రాసుకొను అర్జీ.

విషయం: న్యూమరికల్ అనాలిసిస్ తుది గ్రేడు లెక్కలో లెక్చరర్ శ్రీ ఆత్మారాం గారు నా ఒక మార్కును మాయం చేసి నన్ను ఫెయిల్ చేయుట – సదరు మార్కును, వీలైతే సదరు లెక్చరరును, నాకు అప్పగించుట గురించి.

అయ్యా,

1. మాకు తుది పరీక్షకు డెబ్బై, ఇంటర్నల్‌కు ముప్పై మార్కులు. ఇంటర్నల్ పరీక్షలు రెండు పెట్టి, వాటి సగటును తుది మార్కులకు కలుపుతారు. మొత్తం నలభై వస్తే పాస్. ఇంతవరకు పేచీ లేదు.

2. నాకు మొదటి ఇంటర్నల్‌లో పదకొండున్నర, రెండోదాంట్లో పద్నాలుగున్నర వచ్చాయి. కలిపితే ఇరవై ఆరు, సగటు పదమూడు. తుది పరీక్షలో ఇరవై ఏడు. మొత్తం నలభై. ఇవేవో గొప్ప మార్కులని నేను అనడం లేదు. పాస్ మార్కులని మాత్రం అంటున్నాను.

3. ఆత్మారాం గారు సగటు తీయకముందే రెండు అరలనూ కోసి పదకొండు, పద్నాలుగు చేశారు. సగటు పన్నెండున్నర వచ్చింది. మళ్లీ ఒక అర కనిపించేసరికి చెయ్యి ఊరుకోలేదు కాబోలు, దాన్నీ కోశారు. మొత్తం ముప్పై తొమ్మిది. మెమోలో నా పేరు ఎదుట ఎఫ్.

4. మా అమ్మ దేవవ్వ "ఒక్క మార్కేనాయె బిడ్డా, సార్ కాడికి వోయి మంచిగ అడుగు" అన్నందున, బస్సెక్కి నిజామాబాద్ వచ్చి మంచిగానే అడిగాను. ఆయన చాయ్ తాగుతూ, "అర మార్కులు కంప్యూటర్ల ఎక్కయమ్మా. అందరియి గట్లనే కోసిన. సప్లిమెంటరీ రాస్కో, ఏమైతది?" అన్నారు. ఏమవుతుందో మనవి చేస్తున్నాను. ఎమ్మెస్సీ కౌన్సెలింగ్ ఈ నెల పద్దెనిమిదిన. సప్లిమెంటరీ నవంబరులో. సీటు వచ్చే ర్యాంకు నా దగ్గర ఉంది, పాసైన మెమో లేదు. ఆయన చెప్పిన ఆ అందరిలో నా పక్క బెంచీ బోధన్ షాజియా కూడా ఉంది. ఆమెకూ ఇలాగే ముప్పై తొమ్మిది.

5. ఇక అసలు సంగతి. మొదటి ఇంటర్నల్‌లో నాకు పన్నెండు రావలసింది. ఒక లెక్కలో దశాంశాలను మధ్యలోనే కుదించానని అర మార్కు తగ్గించి, పక్కన ఎర్ర సిరాతో "మధ్యలో కోయరాదు. చివరి మెట్టులో మాత్రమే" అని వ్రాసి సంతకం పెట్టింది ఈ ఆత్మారాం గారే. జవాబు పత్రం నకలు జతపరచడమైనది. ఆ తప్పు నేను చేస్తే అర మార్కు పోయింది. అదే తప్పు ఆయన చేస్తే నా ఏడాది పోతోంది. అయ్యా, పళ్లు ఎంత కొరుక్కున్నా నా కసి తీరడం లేదు.

6. హాజరు డెబ్బై అయిదు శాతం లేనివారు పరీక్షకు అనర్హులని మన నియమం. ఈ సెమిస్టరులో అరవై పీరియడ్లకు ఆయన వచ్చినవి నలభై మూడు. తేదీలతో సహా నా నోటుబుక్కులో ఉన్నాయి. నా పద్ధతిలో డెబ్బై ఒకటి పాయింట్ ఆరు ఏడు, ఆయన పద్ధతిలో డెబ్బై ఒకటి. రెండు విధాలా ఆయన అనర్హుడే.

కావున పద్దెనిమిదో తేదీ లోపు నా పదమూడు నాకు ఇప్పించి, ఆత్మారాం గారిని మా క్లాసులో బోర్డు ముందు నిలబెట్టి, అందరూ చూస్తుండగా నా సగటును మొదటి నుంచి చేయించాలని కోరుతున్నాను. తప్పు చేస్తే నవంబరులో ఆయన సప్లిమెంటరీ వ్రాయాలి. ప్రశ్నపత్రం నేను తయారు చేస్తాను. దిద్దేదీ నేనే. ఎర్ర పెన్ను కొన్నాను.

పై ఆరు అంశాలనూ, మధ్యలో ఏదీ కోయకుండా, చిత్తగించవలెను.

తమకు మాత్రమే విధేయురాలు,
త్రివేణి

తాజా కలం: నేను అర్జీ పెడుతున్నానని ఎవరు చెప్పారో, కవరు అంటిస్తుండగా సార్ ఫోన్ చేశారు. "ఒక గ్రేస్ మార్కు కలుపుత తియ్యమ్మా. అర్జీ గిర్జీ ఎందుకు?"

"షాజియాకు సార్?" అన్నాను.

"ఆమె అడగలే గద."

అయితే నాకూ వద్దన్నాను. షాజియాను అడిగి తెచ్చిన ఆమె జవాబు పత్రాల నకళ్లు కూడా ఇందులోనే జతపరిచాను. ఆ గ్రేస్ మార్కును సార్ దగ్గరే ఉండనివ్వండి. నవంబరులో ఆయనకు అక్కరకొస్తుంది.